నేను పక్కకు జరిపిన నది

గోస్తనీ నదిని మీలో చాలామంది చూసి ఉండరు. మొన్నటిదాకా నేనూ చూడలేదు. చూడకుండానే పదకొండేళ్ళు పాఠం చెప్పాను. ఎక్కడ పుడుతుంది, ఏ కొండలు దిగుతుంది, ఎక్కడ సముద్రంలో కలుస్తుంది, అన్నీ నాకు నోటికి వచ్చు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక మేడ మీద, రేకుల షెడ్డులో మా కోచింగ్ సెంటరు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు నన్ను జాగ్రఫీ సార్ అంటారు. కళ్ళు మూసుకుని బోర్డు మీద ఆంధ్రప్రదేశ్ పటం గీస్తానని నాకు పేరు. గీయగానే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల కోసం కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాను.

నిజం చెప్పాలంటే, నేను దగ్గరగా చూసిన నది మూసీ ఒక్కటే. అది కూడా బస్సు కిటికీలోంచి, ముక్కు మూసుకుని. అలాంటివాణ్ణి ఈ మే నెలలో ఒక నది వెంట కొండ నుంచి కడలి దాకా నాలుగు రోజులు తిరిగొచ్చాను. ఏదో తపనతో వెళ్ళానని అనుకునేరు. నోరు జారి వెళ్ళాను.

అశోక్‌నగర్

యాదగిరి నా దగ్గర మూడేళ్ళు చదివాడు. భువనగిరి దగ్గర పల్లెటూరు. ఇక్కడ హాస్టల్లో నాలుగు మంచాల గదిలో ఉంటాడు. చిక్కడపల్లి లైబ్రరీ గేటు తెరవకముందే వెళ్ళి వరసలో నిలబడే రకం. వాళ్ళ నాన్న ఆ ఊరి పోస్ట్‌మాన్. ఊళ్ళో ఎవరికి ఉద్యోగం ఆర్డరొచ్చినా ఆ పెద్దాయన చేతి మీదుగానే ఇంటికి చేరుతుంది. కొడుకుది మాత్రం చేరలేదు. ఈసారి రాసిందే యాదగిరికి ఆఖరి పరీక్ష. ఆ తర్వాత వయసు దాటిపోతుంది.

ఫలితాలొచ్చిన మర్నాడు క్లాసు మధ్యలో లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక్క మార్కుల పోయింది. గోస్తని బిట్టు సార్. యాడ సముద్రంల కలుస్తదని అడిగిన్రు. మీ నోట్సుల విశాఖపట్నం అని ఉన్నది, నేను గదే పెట్టిన. ఆన్సర్ కీల భీమునిపట్నం అని ఇచ్చిన్రు."

నూట ఇరవై మంది నా వైపు చూశారు. అప్పుడు నేను చేయాల్సింది, "జర ఆగు యాదగిరీ, చూసి చెప్త" అనడం. అంత బుద్ధి ఉంటే ఈ యాత్రే లేదు.

"కీ తప్పు!" అన్నాను. "హైదరాబాద్‌ల కూసొని కీలు తయారు చేస్తే గిట్లనే ఉంటది. ఒక్కడన్న నది మొఖం చూసిండా? పోదాం పా యాదగిరీ. నది కాడికే పోదాం. కండ్లతోని చూసి, నేనే దరఖాస్తు రాసి, నేనే సంతకం పెడ్త!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ హైదరాబాద్‌లో కూసొని నోట్సులు తయారుచేసేవాణ్ణేనని ఆ ఊపులో తట్టలేదు.

సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి పెద్ద అట్లాసు తీయించాను. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బుద్ధిగా నడుచుకుంటూ వెళ్ళి భీమునిపట్నం దగ్గరే కలుస్తోంది. భూతద్దం అడిగి తెచ్చుకుని చూశాను. అప్పుడూ అక్కడే కలుస్తోంది. ఇంకో అట్లాసు తీశాను. వాళ్ళూ కీ వాళ్ళతో కుమ్మక్కయినట్టున్నారు.

ఈ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక వెలిగింది. మా బోర్డు పాత చెక్క బోర్డు. ఒక వానాకాలం రేకులు కారి, కోస్తా తీరం పైభాగంలో రూపాయి బిళ్ళంత మేర చెక్క ఉబ్బి పెచ్చు లేచింది. అక్కడ చాక్‌పీసు పడదు, విరుగుతుంది. సరిగ్గా అదే భీమునిపట్నం. మొదట్లో జాగ్రత్తగా పక్కన రాసేవాణ్ణి. తర్వాత చెయ్యి అలవాటుగా కిందకు తిరిగింది. నది విశాఖపట్నం చేరింది. పిల్లలు బోర్డు చూసి రాసుకున్నారు. నా అసలు నోట్సు ఎవరో తీసుకుని ఇవ్వకపోతే, పిల్లల నోట్సు జిరాక్సు తీయించుకుని అదే చూసి మళ్ళీ చెప్పాను. భగీరథుడు గంగను కిందకు దించాడు. నేను గోస్తనిని పాతిక కిలోమీటర్లు పక్కకు జరిపాను, అదీ తపస్సు లేకుండా.

మర్నాడే యాదగిరిని పిలిచి చెప్పాల్సింది. పిలిచాను కూడా. వాడు అప్పటికే రెండు టికెట్లు తీసుకొచ్చాడు. "నాయనకు ఉత్తరం రాసిన సార్, కీ తప్పయింది, మా సార్ సొయంగ వస్తుండని" అన్నాడు. హాస్టలు పిల్లలు నిన్నటి నుంచీ నాకు చాయ్ తాగిస్తున్నారు. టికెట్ల డబ్బులు వాడి చేతిలో పెట్టి పంపేశాను.

ఇంట్లో సంచీ సర్దుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వింది. "నల్లా వచ్చినప్పుడు ఒక్క బిందె పట్టరు గని, నది నీళ్ళు చూడనీకి పోతున్నరా?" అంది. క్లాసులో వేలాడదీసే గుడ్డ పటం చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాను. అట్లాసులు తప్పయినా, నది తప్పయినా, ఎక్కడో ఒక చిన్న పాయ విశాఖపట్నం వైపు తిరిగి ఉండకపోతుందా అని నా ఆశ.

కొండ పాసింజరు

విశాఖపట్నం నుంచి కొండల మీదికి వెళ్ళే పాసింజరు బండిలో మనుషులకంటే గంపలు ఎక్కువ. ఎండుచేపల గంప మీద కోడి, కోడి పక్కన నేను. నా ఎదురుగా ముక్కుకు రెండు వైపులా నత్తులు పెట్టుకున్న ఒక పెద్దావిడ. నా చంకలోని పటం చూసి, "బొమ్మలమ్ముతారేటి బాబూ?" అని అడిగింది. కాదన్నాను. నమ్మినట్టు లేదు.

శివలింగపురం దాటాక కొండ ఎక్కడం మొదలయింది. నాలో జాగ్రఫీ సార్ లేచాడు. తూర్పు కనుమలు పడమటి కనుమల్లా ఒకే గోడ కావని, నదులు వాటిని ముక్కలు ముక్కలుగా కోశాయని యాదగిరికి చెబుతున్నాను. చెబుతున్నానని పేరేగానీ, సగం పెట్టెకు వినబడేలా చెబుతున్నాను. ఆ దారిలో సొరంగాలు ఎక్కువ. సొరంగం రాగానే చీకటి, కుర్రాళ్ళ ఈలలు, కేకలు. వెలుతురు రాగానే నేను. మళ్ళీ సొరంగం. మళ్ళీ నేను. పెద్దావిడ ఓపిగ్గా విని అడిగింది.

"తమరు బళ్ళో మేస్టరా బాబూ?"

"ఎట్ల తెలిసిందమ్మా?"

"ఎవులూ అడక్కండానే సెప్తన్నారు గదేటి."

యాదగిరి కిటికీ వైపు తిరిగి దగ్గాడు. నేను చిన్నబోయి కాసేపు ఊరుకున్నాను. అంతలో లోయలో రాళ్ళ మధ్య నీళ్ళు మెరిశాయి. ఊరుకోలేకపోయాను.

"అదిగో యాదగిరీ! గోస్తని!" అని లేచి నిలబడ్డాను. ఆ పారుదల, ఆ వాలు, ఆ రాయి రంగు, అన్నీ పది నిమిషాలు వివరించాను.

"అది గెడ్డ బాబూ" అంది పెద్దావిడ. "మా మేనకోడలి ఊరి గెడ్డ."

గెడ్డ అంటే వాగు. మేము వాగంటాం, ఇక్కడివాళ్ళు గెడ్డంటారు. దాని పేరేమిటని అడిగితే, "గెడ్డకు పేరేటి?" అని నన్నే అడిగింది. పరీక్షలో ఇలాంటి బిట్టు రాదు.

బొర్రా

స్టేషను నుంచి గుహల దాకా నడిచాం. అక్కడ మాకు దొరికిన దారి చూపేవాడి పేరు సోమన్న. ఆ కొండ మనిషే. చేతిలో కాగడా, భుజాన తువ్వాలు. లోపలికి దిగితే కోటంత గుహ. పైనుంచి సున్నపురాళ్ళు వేలాడుతున్నాయి, కింద నుంచి మొలుచుకొస్తున్నాయి. పైవాటి పేరేమిటో, కిందివాటి పేరేమిటో నేను ఏటా చెబుతాను. ఏటా ఎవరో ఒకరు తిరగేసి రాస్తారు. అక్కడ నిలబడి ఆ పేర్లు నాకే గుర్తు రాలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

సోమన్న కాగడా ఎత్తి చూపించాడు. ఆవు పొదుగులాంటి రాయి. దాని కొసల నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. ఆ పొదుగు వల్లే నదికి గోస్తని అని పేరు. ఎప్పుడో మేతకొచ్చిన ఆవు పైనున్న కన్నంలోంచి లోపలికి పడిందట. వెతుక్కుంటూ వచ్చిన పశువులకాపరికి ఈ గుహ కనబడిందట. ఆవు బతికిందా అని యాదగిరి అడిగాడు. బతికిందన్నాడు సోమన్న. యాదగిరికి ఎందుకో ఊరట కలిగింది.

"నది పుట్టింది సరిగ్గ యాడ?" అని నేను గట్టిగా అడిగాను. పదకొండేళ్ళ సందేహం.

"ఇదే అంటారు బాబూ. దీనికి పైన ఇంకో ఊటుంది. దాని పైన ఇంకోటుంది. తమకి ఏది కావాలో సెప్పండి, అది సూపిస్తాను."

"మరి పోయేది యాడికి?"

"కిందకి."

అంతకంటే సరయిన జవాబు నా నోట్సులో కూడా లేదు.

గుహ కింద, బండరాళ్ళ మధ్య ఆ నది కనబడింది. మే నెల కదా, మా ఇంటి వెనక మురుగు పారే మోరీ కంటే కాస్త వెడల్పు. ఇంతేనా అనిపించింది. నదికి ఈ గట్టున ఒక కాలు, ఆ గట్టున ఒక కాలు పెట్టి నిలబడతాను, పిల్లలకు చెప్పుకోవచ్చు అని ముచ్చటపడ్డాను. "వొద్దు బాబూ, పాకుడుంది" అని సోమన్న అంటూనే ఉన్నాడు. ఎడమకాలు నా మాట విన్నది, కుడికాలు సోమన్న మాట విన్నది. ప్యాంటు మోకాలి నుంచి పైదాకా చర్రున చిరిగింది. నేను గోస్తనిలో కూర్చున్నాను. నీళ్ళు మాత్రం చల్లగా, ప్రాణం లేచొచ్చేంత బాగున్నాయి.

పటం తడవలేదని సంతోషించాను. రెండో ప్యాంటు తెచ్చుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పూట నుంచి తిరిగి రైలెక్కేదాకా యాదగిరి గళ్ళలుంగీయే నాకు దిక్కయింది.

అనంతగిరి

కొండ మీద మే నెల మే నెలలా లేదు. హైదరాబాద్‌లో ఈ వేళకు కూలర్‌లో నీళ్ళు పోస్తూ ఉంటాం. ఇక్కడ కాఫీ తోటల నీడలో చెవులు చల్లబడ్డాయి. రోడ్డు పక్కన ఒకావిడ పనసపండు కోసి ఆకుల్లో పెట్టి అమ్ముతోంది. పది తొనలు రెండు రూపాయలంది. హిమాయత్‌నగర్ అలవాటు కొద్దీ "రూపాయికియ్యి" అన్నాను. ఆమె బేరమాడలేదు, తిట్టలేదు, నవ్వలేదు. ఆకు మడిచి, గంప నెత్తిన పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. వెనకాలే పరుగెత్తి రెండు రూపాయలిచ్చి, పది తొనలు తెచ్చుకున్నాను. లుంగీలో పరుగెత్తడం అంత తేలిక కాదని కూడా తెలిసింది.

ఒక తోట పనివాడు మమ్మల్ని చూసి, ఎండిన ఆనపకాయ బుర్రలోంచి రెండు గ్లాసుల్లో అంబలి పోసి ఇచ్చాడు. వీళ్ళు రాగులను చోళ్ళంటారు. ఆ అంబలి పుల్లగా, చల్లగా ఉంది. డబ్బివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. యాదగిరి రెండు గుక్కల్లో తాగి మూతి తుడుచుకున్నాడు.

"మా దిక్కు ఆనిగెపుకాయ అంటం సార్. మా తాత గూడ గిట్లనే బుర్రల నీళ్ళు పట్టుకపోతుండె" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "నాయన మాట్లాడుతలేడు సార్" అన్నాడు.

"ఎందుకు?"

"చిక్కడపల్లికి చదువనీకి పోయినవా, క్రాస్‌రోడ్స్ కాడ సినిమాలు చూడనీకి పోయినవా అన్నడు. గంతే. మల్ల మాట లేదు. మూడేండ్లల్ల నేను చూసిందే మూడు సినిమాలు సార్. ఊర్లె అందరి ఆర్డర్లు ఆయనే పంచుతడు గద. ఇంటింటికి పోయి ఇచ్చినప్పుడు వాళ్ళు అడుగుతరట, మీ పిలగానిదెప్పుడని."

కొలువు ఇక రాదేమోనని వాడికి తెలుసు. వాడికి కావాల్సింది తను ఆవారాగా తిరగలేదని తండ్రికి ఒక్క రుజువు. అది నా చేతిలో ఉంది. 'యాదగిరీ, తప్పు నాదిరా' అనాలి. మూడు మాటలు. నోరు తెరిచాను.

"ఈ కాఫీ మొక్కలకు నీడ కావాలె. అందుకే మధ్యల సిల్వర్ ఓక్ చెట్లు పెడతరు" అన్నాను.

వాడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది కూడా రాసుకున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

శృంగవరపుకోట

ఘాట్‌రోడ్డు మీద బస్సులో దిగాం. కండక్టరు నా పటానికి లగేజి టికెట్టు కొట్టాడు. అది పటమని, అందులో అతని ఊరు కూడా ఉందని విప్పి చూపించాను. అతను తన ఊరు వెతుక్కుని, కనబడక, టికెట్టు చేతిలో పెట్టాడు.

శృంగవరపుకోటలో యాదగిరి ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళాడు. వాళ్ళ ఊళ్ళో ఫోను పోస్టాఫీసులోనే ఉంది. అద్దం వెనక వాడు నిటారుగా నిలబడి మాట్లాడటం చూశాను. నిమిషంలో బయటికొచ్చాడు.

"నాయననే ఎత్తిండు సార్. నేనే అని చెప్పంగనే పోస్టుమాస్టరుకిచ్చిండు."

"ఏం చెప్పినవ్?"

"పోస్టుమాస్టరుకేం చెప్తం సార్. బాగున్నరా అన్న."

హోటల్లో ఇడ్లీల మీద అల్లం పచ్చడి కాకుండా ఏదో చారు పోశారు. మామూలుగా అయితే దాని మీద పది నిమిషాలు మాట్లాడేవాణ్ణి. ఆ పూట ఇడ్లీ ఏ రుచిలో ఉందో నాకు తెలియలేదు.

తాటిపూడి

కొండలు దిగిన గోస్తనిని తాటిపూడి దగ్గర ఆనకట్ట కట్టి ఆపారు. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు, నీళ్ళలో కొండల నీడ. గట్టు మీద గేట్లు చూసుకునే లస్కరు చింతచెట్టు కింద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నా లుంగీ, నా చంకలోని పటం చూసి గౌరవించాలో వద్దో తేల్చుకోలేక సగం లేచాడు.

"ఈ నీళ్ళన్నీ ఏటి సేస్తారనుకున్నారు? పొలాలకి కొంత. మిగతాది గొట్టాల్లో విశాఖపట్నం ఎల్లిపోద్ది. ఊరంతా తాగేది ఈ నీళ్ళే" అన్నాడు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఆశపడ్డ పాయ దొరికింది!

"విన్నవా యాదగిరీ! విశాఖపట్నం పోతది! గోస్తని విశాఖపట్నం పోతది! నా నోట్సుల ఉన్నదేంది మరి? తాగినంక యాడికి పోతది? మోరీలల్ల పోతది. మోరీలు యాడికి పోతయి? సముద్రంలకే!"

లస్కరు బీడీ కాల్చడం ఆపి నన్ను చూశాడు. యాదగిరి మెల్లగా, మర్యాదగా అన్నాడు.

"సార్, గట్లయితే మన నల్లాలల్ల వచ్చే మంజీర నది మా హాస్టల్ బకెట్ల కలుస్తదని రాయాలె గద సార్."

లస్కరు పడీపడీ నవ్వాడు. "కుర్రోడు సరిగ్గా సెప్పాడండి!" అన్నాడు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. మోరీ దాకా వెళ్ళి మరీ నా నోట్సు నిలబెట్టుకోవాలని చూసిన మొహం నాది. ఇంత తెలివున్నవాడు నా బోర్డును చూసి గుడ్డిగా ఎందుకు రాసుకున్నాడా అని ఆలోచించాను. నమ్మాడు కాబట్టి రాసుకున్నాడు. అది తలుచుకుంటే నవ్వు ఆగిపోయింది.

భీమునిపట్నం

విజయనగరం మీదుగా మధ్యాహ్నానికి భీమునిపట్నం చేరాం. అక్కడివాళ్ళు ముద్దుగా భీమిలి అంటారు. దారంతా తాటిచెట్లు. బస్టాండులో ముంజలు రూపాయికి నాలుగు. మన దగ్గరలాగే బొటనవేలితో తీసుకుని జుర్రుకోవడమే, కానీ ఇక్కడ తాటాకు దొన్నెలో వలిచి ఇస్తారు. ఒక దొన్నె నేనూ, రెండు దొన్నెలు యాదగిరీ తిని, ఊరి చివర నది వైపు నడిచాం.

అక్కడ గోస్తని నేను గుహ కింద కూర్చున్న నది కాదు. వెడల్పుగా, పచ్చగా, కదలకుండా పరుచుకుని ఉంది. ఒడ్డున పడవలు, వలలు. ఇంకో నాలుగడుగులు వేస్తే సముద్రం. కానీ మధ్యలో ఇసుక! నదికీ సముద్రానికీ నడుమ పొడుగ్గా, తెల్లగా ఇసుకదిబ్బ. నది వచ్చి ఆ దిబ్బ దగ్గర ఆగిపోయింది. అవతల అలలు కొట్టుకుంటున్నాయి. రెండూ కలవడం లేదు.

యాదగిరి చెప్పులు విడిచి దిబ్బ మీదికి పరుగెత్తాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. చేతులు పైకెత్తి అరిచాడు.

"సార్! కలుస్తలేదు సార్! యాడ గూడ కలుస్తలేదు! కీ తప్పు సార్!"

అంత సంతోషంగా వాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. వల బాగుచేసుకుంటున్న ఎర్రయ్య అనే జాలరి ఆ అరుపుకు తలెత్తాడు. ఇదేమిటని నేనే అడిగాను.

"ఎండల్లో ఇంతే బాబూ. గెడ్డలో జోరుండదు. సముద్రం ఇసక తెచ్చి పోసేస్తాది. వానలు పడితే గెడ్డే కోసుకుని ఎల్లిపోద్ది. ఒక్కోపాలి మేవే పారలట్టుకుని కాలవ కొట్టేస్తాం. మా తాతల నుంచీ ఇక్కడే కలుస్తాది. ఇంకెక్కడ కలుస్తాది?"

యాదగిరి అప్పటికే సంచీలోంచి తెల్లకాగితం, పెన్ను, కింద పెట్టుకోవడానికి అట్ట తీశాడు. నాలుగు రోజులుగా ఆ కాగితం నలగకుండా నోట్సు మధ్యలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"రాయుండ్రి సార్. నది సముద్రంల కలుస్తలేదు, కండ్లార చూసినం అని రాయుండ్రి. ప్రశ్ననే తప్పని రాయుండ్రి. ఒక్క మార్కు కలుపుతరు సార్!"

రాయొచ్చు. అబద్ధం కాదు, ఆ పూట నిజంగానే కలవడం లేదు. యాదగిరి ముందు నా పరువు దక్కుతుంది. క్లాసులో మళ్ళీ చప్పట్లు. దరఖాస్తు ఎలాగూ పరీక్షల కమిషన్ వాళ్ళ చెత్తబుట్టలోకి పోతుంది, నేరం వాళ్ళ మీదికి పోతుంది. పెన్ను మూత తీశాను. వాడు నా చేతి వైపే చూస్తున్నాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"యాదగిరీ, కీ కరెక్టే. నేనే తప్పు చెప్పిన."

"ఏంది సార్?"

"భీమునిపట్నమే. నాకు ఎరుకే. నువ్వు చెప్పిన నాడే లైబ్రరీల చూసిన. నీకు చెప్పనీకి ధైర్యం చాలక గిదంత తిప్పిన."

పెన్ను నా చేతిలోనే ఉంది. వాడు వెళ్ళి దిబ్బ మీద, నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎర్రయ్య నన్నొకసారి, వాణ్ణొకసారి చూసి వల మీదికి తల వంచుకున్నాడు. చాలాసేపటికి వాడు తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మార్కు సార్" అన్నాడు. "మీరు చెప్పిందే పెట్టిన. భీమునిపట్నం అని నేను ఏదో పేపర్ల చదివిన గూడ. సార్ చెప్పిండు గద అని కొట్టేసిన."

నాకు ఏడుపొచ్చింది. ముసలి వయసు కాదు, చిన్న వయసు కాదు, గళ్ళలుంగీ కట్టుకుని ఇసుకలో నిలబడి ఏడ్చాను. తిట్టమన్నాను. వాడు తిట్టలేదు. అట్ట మీద కాగితం సరిచేసి మళ్ళీ నా ముందు పెట్టాడు.

"ఇప్పుడు చెప్పింది రాసియ్యుండ్రి సార్."

"కమిషన్‌కు పంపితే ఏం ఫాయిదా లేదు యాదగిరీ."

"కమిషన్‌కు కాదు సార్. మా నాయనకు."

రాశాను. 'అయ్యా, మీ అబ్బాయి మూడేళ్ళు ఒక్క రోజు కూడా క్లాసు మానలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆ ఒక్క మార్కు పోయింది నా తప్పు వల్ల, అతని వల్ల కాదు.' కింద ఎప్పటిలాగే మెలికలు తిప్పి సంతకం పెట్టాను. వాడు ఒక్కొక్క మాటా చదివాడు. చదివి కాగితం వెనక్కిచ్చాడు.

"సంతకం కాదు సార్, పేరు రాయుండ్రి. అడ్రసులు చదివి చదివి మా నాయనకు కండ్లు మందగించినయి."

పేరు రాశాను. వాడు ఆ కాగితాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చూశాడు.

"ఇంకింత పెద్దగ రాయుండ్రి సార్" అన్నాడు.